ఊక డ్రమ్ములు కొన్న ఏడు నెలలకు: ఆటోనగర్ ప్లేటింగ్ షెడ్డు నుంచి రివ్యూ

మాది గాజువాక ఆటోనగర్‌లో చిన్న ప్లేటింగ్ షెడ్డు. బోల్టులకు, నట్లకు జింకు పూత వేస్తాం. తలుపు గడియలకు, బండి సామాన్లకు నికెల్ పూత వేస్తాం. నాన్న 1994లో మొదలుపెట్టారు. ఆయన పోయాక పదకొండేళ్లుగా నేనే నడుపుతున్నాను. పనివాళ్లు ఆరుగురు. నికెల్ లైను నుంచి రోజుకు 800 లీటర్ల దాకా కడుగు నీళ్లు వస్తాయి. ఆ నీళ్లను శుభ్రం చేయడానికి కొన్న ఊక డ్రమ్ముల గురించే ఈ రివ్యూ. మాలాంటి చిన్న షెడ్లవాళ్లు కొనేముందు ఎవరో ఒకరు ఉన్నది ఉన్నట్టు చెబితే బాగుంటుందని రాస్తున్నాను. నేను కొన్నప్పుడు నాకు అలా చెప్పినవాళ్లు లేరు.

ముందు వస్తువేమిటో చెబుతాను. రెండు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒక్కోటి 200 లీటర్లది. వాటిని నిలబెట్టే ఇనుప స్టాండు, చిన్న పంపు, పైపులు, నాలుగు వాల్వులు. మొదటి డ్రమ్ములో కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టిన వరి ఊక 25 కిలోలు. రెండో డ్రమ్ములో సగం దాకా కొబ్బరి చిప్పల యాక్టివేటెడ్ బొగ్గు, 50 కిలోలు. నీళ్లు కింది నుంచి ఎక్కి పైనుంచి బయటికి వస్తాయి. మొదటిసారి నింపే సరుకుతో కలిపి 38,000 రూపాయలు తీసుకున్నారు. బ్రాండు లేదు, సంచి మీద పేరు కూడా లేదు. అనకాపల్లి వైపు నుంచి, కెమికల్ ఇంజినీరింగ్ చదివిన ఒక కుర్రాడు తన షెడ్డులో తయారుచేసి తెచ్చి ఇస్తున్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఇంకా దేశంలో చాలాచోట్ల ఊక, కొబ్బరి పీచు, జీడి పెంకుల మీద ఇలాంటి పరిశోధనలు ఏళ్ల తరబడి జరుగుతున్నాయి. ల్యాబులో గాజు గొట్టంలో జరిగే పనిని మా ఆటోనగర్ షెడ్డు దాకా తెచ్చినవాణ్ణి మాత్రం నేను ఈ అబ్బాయినే చూశాను.

ఎందుకు కొన్నానో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా దగ్గర అంతకుముందు ఉన్నది సున్నం తొట్టి. నికెల్ నీళ్లలో సున్నం కలిపి పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె; ఏడు కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) పదికి అటూ ఇటూ తెస్తే నికెల్ ఆకుపచ్చటి బురదగా కిందికి దిగుతుంది. పైన తేరుకున్న నీళ్లకు కాస్త ఆమ్లం కలిపి పీహెచ్ తగ్గించి వదిలేవాళ్లం. ఇది నాన్న కాలం నుంచీ ఉన్న పద్ధతి, మంచిదే. కానీ సన్న బురద పూర్తిగా దిగదు, కొంత నికెల్ నీళ్లలో కరిగే ఉండిపోతుంది. పోయిన ఏడాది తీసిన శాంపిల్‌లో నికెల్ లీటరుకు 4 మిల్లీగ్రాములు దాటింది. పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం గెడ్డలు, కాలువల్లోకి వదిలే నీళ్లలో నికెల్ 3 మిల్లీగ్రాములు మించకూడదు. నోటీసు వచ్చింది. తప్పు మాదే. ఆ వారం నేను సరిగా నిద్రపోలేదు.

టెన్షన్ నోటీసు గురించి మాత్రమే కాదు. మా వెనక ఒక గెడ్డ ఉంది. దాని పక్కన తోటకూర, గోంగూర మళ్లు వేస్తారు, ఆ గెడ్డ నీళ్లే తోడి పోస్తారు. సాయంత్రమైతే ఆ ఆకుకూర కట్టలే తట్టలో పెట్టుకుని ఒక ఆవిడ మా వీధికి అమ్మకానికి వస్తుంది. మా అమ్మ ఆమె దగ్గరే కొంటుంది. నోటీసు వచ్చిన రోజు సాయంత్రం అమ్మ తోటకూర పప్పు పెట్టింది. నాకు ముద్ద దిగలేదు.

అప్పుడు అయాన్ ఎక్స్‌ఛేంజ్ రెజిన్ (నీళ్లలో కరిగిన లోహాన్ని పట్టే ప్లాస్టిక్ గింజలు) పెట్టించుకుందామని అడిగాను. లక్షా అరవై వేలు చెప్పారు, రెజిన్ మార్చేటప్పుడు ఖర్చు వేరే. అంత పెట్టలేని రోజుల్లో ఈ ఊక అబ్బాయి సంగతి బోల్టుల వ్యాపారి ఒకాయన చెప్పాడు.

ఆ కుర్రాడు వచ్చాడు. "అక్కా, ఇది వేస్తే మీ నీళ్లలో ఏ లోహమూ మిగలదు. సున్నం కూడా అక్కర్లేదు" అన్నాడు. ఈ రెండు మాటలూ తప్పు. అమ్మకం కోసం అన్నాడని నేను అనుకోను. ల్యాబులో చూసిందే షెడ్డులోనూ జరుగుతుందని నిజంగా నమ్మాడు. కానీ కొనేవాళ్లు ఆ మాట నమ్మి సున్నం తొట్టి తీసేస్తే మునిగిపోతారు.

లెక్క వేసి చూడండి. సున్నం తొట్టి దాటి వచ్చిన మా నీళ్లలో నికెల్ లీటరుకు సుమారు 4 మిల్లీగ్రాములు. రోజుకు 800 లీటర్లంటే 3.2 గ్రాముల నికెల్. మా డ్రమ్ము 16 రోజులు పట్టి ఉంచింది, అంటే 51 గ్రాములు. ఊక 25 కిలోలు కాబట్టి గ్రాము ఊక సుమారు 2 మిల్లీగ్రాముల నికెల్ పట్టినట్టు. సున్నం తొట్టికి రాకముందు అవే నీళ్లలో నికెల్ వందల్లో ఉంటుంది. లీటరుకు 200 అనుకున్నా రోజుకు 160 గ్రాములు. సున్నం మానేసి నేరుగా ఊకకు పంపితే డ్రమ్ము ఒక్క పూటకు కూడా రాదు. ఊక పని మిగిలిన కొసను పట్టడం. మొదటి బరువు సున్నమే మోయాలి.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వానాకాలం ఏటి నీళ్లు ఎర్రగా వచ్చేవి. అమ్మమ్మ కడవ లోపల చిల్లగింజ అరగదీసేది. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటగా ఉండేవి. ఈ డ్రమ్ములూ అలాంటివే అని మావాళ్లు కొందరు అనుకున్నారు. చిల్లగింజ నీళ్లలో తేలే మట్టిని కూడగట్టి కిందికి దింపుతుంది. కరిగిపోయిన లోహాన్ని అది ఏమీ చేయలేదు. ఊక పని వేరు. ఊక పొట్టు మీద నికెల్ అంటుకునే చోట్లు ఉంటాయి. ఆ చోట్లు రుణావేశంతో ఉంటాయి, నీళ్లలోని నికెల్ ధనావేశంతో ఉంటుంది, వచ్చి పట్టుకుంటుంది. కాస్టిక్‌లో నానబెడితే ఊక మీది మైనం లాంటి పొర, కొంత సిలికా పోయి ఆ చోట్లు తెరుచుకుంటాయి. అందుకే మిల్లు నుంచి తెచ్చిన ఊకను నేరుగా డ్రమ్ములో పోసుకుంటే ఇంత పని చేయదు. మా పక్క షెడ్డాయన అలా పోసి చూశాడు, మూడో రోజుకే చేతులెత్తేసింది.

ఇంకో సంగతి, ఊక తొందరగా కుళ్లదు. అందులో సిలికా ఎక్కువ, కాల్చిన బూడిదలో పదింట తొమ్మిది వంతులు అదే. చెరకు పిప్పితో కూడా ప్రయత్నించానని ఆ అబ్బాయే చెప్పాడు. నీళ్లలో నాలుగు రోజులుంటే వాసన పట్టిందట. పైగా అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లు పిప్పిని పెనం కింద మంటకే వాడుకుంటారు, బయటికి రావడం తక్కువ. ఊక కూడా ఇప్పుడు ఊరికే రాదు. నూరు కిలోల ధాన్యం ఆడిస్తే ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది కానీ బాయిలర్లవాళ్లు, ఇటుక బట్టీలవాళ్లు లారీలకు లారీలు కొనేస్తారు. "వ్యర్థం కదా, ఉచితంగా ఇవ్వొచ్చు కదా" అని అతనితో బేరమాడకండి. కడిగి, నానబెట్టి, ఎండబెట్టిన ఊకకు నా దగ్గర కిలోకు 60 రూపాయలు తీసుకుంటున్నాడు. ఆ ధర న్యాయమే.

బిగించడానికి ఒక పూట పట్టింది. స్టాండు గట్టిది, వెల్డింగు బాగుంది. పైపు జాయింట్లు రెండుచోట్ల కారాయి, మర్నాడు వచ్చి సరిచేశాడు. డ్రమ్ముల్లోంచి మొదటి నీళ్లు వచ్చినప్పుడు మాత్రం నా గుండె ఆగినంత పనైంది. డికాక్షన్ రంగులో వచ్చాయి. ఊకలోని లిగ్నిన్, ఇంకా కొన్ని పదార్థాలు కరిగి వచ్చే రంగు అది. చూడటానికి బాగోదనే కాదు, అలా వదిలితే నీళ్లలో సేంద్రియ మురికి ఎంతుందో చెప్పే సీఓడీ అంకె పెరుగుతుంది. ఒక లోహం తీయబోయి ఇంకో కాలుష్యం కలిపినట్టు. మంచినీళ్లతో మూడు రోజులు కడిగాక రంగు పోయింది. సంచి మీద "తేటగా వచ్చేదాకా కడగాలి" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ మూడు రోజులు నేను పడ్డ కంగారు ఉండేది కాదు. రెండో డ్రమ్ములోని బొగ్గు కొంత రంగును పట్టింది కానీ ఆ పనికి బొగ్గును వాడేస్తే అసలు పనికి మిగలదు.

బొగ్గు అసలు పని ఏమిటంటే, నికెల్ బాత్‌లో, అంటే పూత వేసే ద్రావణం తొట్టిలో, మెరుపు కోసం వేసే బ్రైటెనర్లు, తడిపే మందులు కడుగు నీళ్లలోకి కూడా వస్తాయి. వాటిని పట్టడం. కొబ్బరి చిప్పల బొగ్గు ఇందుకు గట్టిది. మంచి బొగ్గు ఒక గ్రాములో లోపలి సన్నటి రంధ్రాల ఉపరితలం మొత్తం కలిపితే సుమారు వెయ్యి చదరపు మీటర్లు ఉంటుంది. అంటే చిటికెడు బొగ్గులో పావెకరం నేల. అది విన్నప్పటి నుంచీ సంపత్ వినాయకుడి గుడికి వెళ్లినప్పుడల్లా కొబ్బరికాయలు కొట్టేచోట చిప్పల వైపే నా కళ్లు పోతున్నాయి. మాకు వచ్చిన బొగ్గు దుమ్ము తక్కువగా, గింజ గట్టిగా ఉంది. ఏడు నెలల్లో ఒక్కసారే మార్చాను. కిలో 130 రూపాయల చొప్పున 6,500 అయింది. ఈ డ్రమ్ము మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ప్రతిసారీ ల్యాబుకు పంపితే ఖర్చు తట్టుకోలేం. షెడ్డులోనే చేసుకోగలిగే పద్ధతి ఒకటుంది. పరీక్ష గొట్టంలో శాంపిల్ నీళ్లు పోసి, రెండు చుక్కల అమ్మోనియా, రెండు చుక్కల డైమిథైల్ గ్లైయాక్సిమ్ అనే పరీక్ష మందు వేయాలి. నికెల్ ఉంటే గులాబీ రంగు వస్తుంది, ఎక్కువ ఉంటే ఎర్రటి తునకలు తేలతాయి. ఖచ్చితమైన అంకె రాదు కానీ డ్రమ్ము నిండిందో లేదో తెలుస్తుంది. ఈ పని మా సింహాచలానికి అప్పగించాను. ముప్పై ఏళ్లుగా నికెల్ లైను మీద ఉన్న మనిషి. వేళ్ల సందుల్లో నికెల్ దురద ఉంది, గ్లవ్స్ వేసుకోమని రోజూ చెప్పాలి. మొదటి రోజు ఆయన నన్నడిగాడు, "ఏటమ్మా, ఊక పొట్టు ఇనుము తింటాదా?" అని. ఇప్పుడు రోజూ పొద్దున పదింటికి గొట్టం వెలుగులో పట్టుకుని చూసి, గోడ మీద క్యాలెండర్లో సున్నా చుడతాడు. గులాబీ కనిపిస్తే గుణకారం గుర్తు పెడతాడు. కొనేటప్పుడు "నెల రోజులు వస్తుంది" అన్నారు. మాకు పదిహేడో రోజు పొద్దున గుణకారం గుర్తు పడింది.

ల్యాబు రిపోర్టులు కూడా చెబుతాను. గుర్తింపు ఉన్న ల్యాబులో మూడుసార్లు చేయించాను. సున్నం తొట్టి దాటాక నికెల్ 4.2 ఉన్న రోజు, డ్రమ్ములు దాటాక 0.6 వచ్చింది. రెండోసారి 3.8 నుంచి 0.9. మూడోసారి డ్రమ్ము నిండబోయే ముందు తీశాను, 1.9 వచ్చింది. పరిమితి 3. ఇవి మా షెడ్డు నీళ్ల అంకెలు. మీ నీళ్లలో జింకు, రాగి కలిసి ఉంటే అవి కూడా అదే ఊక మీద చోటు కోసం పోటీ పడతాయి, రోజులు తగ్గుతాయి. మీ కన్సెంట్ ఆర్డరులో (కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి పత్రం) పరిమితులు ఇంకా గట్టిగా ఉండొచ్చు, కొనేముందు అది తీసి చదువుకోండి.

పీహెచ్ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే ఈ డ్రమ్ముల ప్రాణం అక్కడుంది. నీళ్లు 5.5కు, 7కు మధ్య ఉంటే ఊక బాగా పట్టుకుంటుంది. సున్నం తొట్టి నుంచి వచ్చే నీళ్లు పదిలో ఉంటాయి కాబట్టి ఆమ్లం కలిపి ఆరుకు తెచ్చి పంపాలి. అలా తేకుండా పంపితే మిగిలిన సన్న బురద వచ్చి ఊకలో ఇరుక్కుంటుంది, క్షారానికి మళ్లీ రంగు కారుతుంది. పీహెచ్ మరీ తగ్గితే ఏమవుతుందో మాకు ఆగస్టులో తెలిసింది.

ఆ రోజు రాత్రంతా వాన. షెడ్డులో కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చింది. తుప్పు తీసే ఆమ్లం తొట్టి వాననీళ్లకు పొంగి డ్రమ్ములకు నీళ్లు పంపే గుంటలోకి చేరింది. పంపు ఫ్లోటు మీద నడుస్తుంది కాబట్టి గుంట నిండగానే అదే ఆన్ అయింది. పొద్దున సింహాచలం వచ్చేసరికి చివరి తొట్టిలో నీళ్లు లేత ఆకుపచ్చగా ఉన్నాయి. డైమిథైల్ వేయగానే గొట్టం నిండా ఎర్రగా గడ్డకట్టింది. పన్నెండు రోజులుగా ఊక పోగుచేసిన నికెల్ మొత్తం ఆమ్లం తగలగానే ఒక్క రాత్రిలో వదిలేసింది. ఆమ్లంలోని హైడ్రోజన్ వచ్చి నికెల్ కూర్చున్న చోట్లన్నీ ఆక్రమించేసింది. మా అదృష్టం, చివర్లో వెయ్యి లీటర్ల తొట్టి పెట్టుకుని, పరీక్ష చేశాకే చేత్తో వాల్వు తిప్పి వదిలే అలవాటు ఉంది. ఒక్క చుక్క గెడ్డలోకి పోలేదు. మొత్తం తోడి మళ్లీ సున్నం తొట్టికి పంపాం. కానీ ఆ చివరి తొట్టి అతను ఇచ్చిన సెట్టులో భాగం కాదు, మాది. సెట్టు మాత్రమే కొని పైపు నేరుగా కాలువకు కలిపి ఉంటే ఆ రాత్రి పన్నెండు రోజుల విషం ఒకేసారి తోటకూర మళ్లకు చేరేది.

ఈ రివ్యూలో నా పెద్ద ఫిర్యాదు ఇది. పీహెచ్ పడిపోతే పంపు ఆగిపోయే ఏర్పాటు లేకుండా ఈ డ్రమ్ములు అమ్మకూడదు. నేను ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. అతను వాదించలేదు, మర్నాడే వచ్చి చూశాడు, నోట్సు రాసుకున్నాడు. ఆ తర్వాత నేను 7,200 పెట్టి పీహెచ్ కంట్రోలర్ కొని పంపుకు కలిపించాను. ఇప్పుడు 5 కంటే తగ్గితే పంపు ఆగి గంట మోగుతుంది. కొత్తగా కొనేవాళ్లకు సెట్టులోనే పెట్టి ఇస్తున్నానని ఈమధ్య చెప్పాడు. మీరు కొనేటప్పుడు అది ఉందో లేదో చూసుకోండి.

అదే గుణం సరిగా వాడుకుంటే లాభం కూడా. డ్రమ్ము నిండాక పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కావాలనే కడిగితే నికెల్ కొద్ది నీళ్లలో చిక్కగా దిగి వస్తుంది, ఊక మళ్లీ పనికొస్తుంది. మేం అలా ఒక్కో ఊకను రెండుసార్లు కడిగి వాడాం. మొదట 16 రోజులు, కడిగాక 14, మళ్లీ కడిగాక 11. ఆ తర్వాత ఊక మెత్తబడి, నలిగి, నీళ్లు సాగడం తగ్గింది, మార్చేశాం. అంటే 1,500 రూపాయల ఊకతో 41 రోజులు. ఖర్చు లెక్కన దీనికి సాటి వచ్చేది నాకు దొరకలేదు. కడిగిన చిక్కటి నీళ్లను తిరిగి నికెల్ బాత్‌లో పోసుకోవచ్చని ఎవరైనా చెబితే తొందరపడకండి. ఊక నుంచి కరిగిన సేంద్రియ పదార్థాలు బాత్‌లో చేరితే పూత మసకబారుతుంది, పెళుసవుతుంది. నికెల్ మిగుల్చుకోవాలంటే దానికంటే మంచి దారి ఉంది. బాత్ పక్కనే పారని నీళ్ల తొట్టి ఒకటి పెట్టి సరుకును ముందు అందులో ముంచండి. బాత్ వేడికి ఆవిరైన మేర ఆ నీళ్లనే తిరిగి బాత్‌లో పోయండి. మేం అది చేశాక కడుగు నీళ్లలోకి వచ్చే నికెలే తగ్గింది.

జింకు లైను గురించి ఒక హెచ్చరిక. జింకు పూత మీద పసుపు పాసివేషన్ (తుప్పు పట్టకుండా వేసే పల్చటి క్రోమ్ పొర) చేసేవాళ్ల నీళ్లలో హెక్సావలెంట్ క్రోమియం, అంటే బాగా విషపు రకం క్రోమియం, ఉంటుంది. దాని పరిమితి లీటరుకు 0.1 మిల్లీగ్రామే. నికెల్ నీళ్లకు పెట్టే పీహెచ్‌లో ఈ క్రోమియం రుణావేశంతో ఉంటుంది, ఊక కూడా రుణావేశమే, ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. "క్రోమ్ కూడా పట్టేస్తుంది అక్కా" అని అతను అన్నాడు. మా క్రోమ్ నీళ్లు ఒక బకెట్టు పోసి చూశాం. పసుపుగా పోసినవి పసుపుగానే వచ్చాయి. బాగా ఆమ్లంగా ఉన్న నీళ్లలో ఊక క్రోమియం మీద పనిచేసే మాట నిజమే. కానీ ఆ ఆమ్లం నికెల్‌ను ఊడగొడుతుంది కదా, ఒకే డ్రమ్ములో రెండూ కుదరవు. క్రోమ్ నీళ్లను మొదటి నుంచీ వేరే గుంటలోకి పంపండి. పీహెచ్ రెండు, మూడు మధ్యకు తెచ్చి సోడియం మెటాబైసల్ఫైట్ వేసి పసుపు పోయి ఆకుపచ్చగా మారాక సున్నం కలపండి. పాత పద్ధతే, ఇంతకంటే నమ్మకమైనది నాకు తెలియదు. వీలైతే విషం తక్కువున్న ట్రైవలెంట్ క్రోమియం పాసివేషన్‌కు మారిపోండి. మేం సగం సరుకు మార్చాం, బోల్టుల వ్యాపారులు పసుపు రంగే కావాలంటారు, ఒప్పించడానికి టైము పడుతోంది.

చివరిగా, నాకు ఇప్పటికీ మనసు కుదుటపడని సంగతి. వాడేసిన ఊక ఎక్కడికి పోతుంది? మొదటిసారి మార్చే రోజు అతన్నే అడిగాను. "పొలంలో ఎరువుగా వేసేయొచ్చక్కా, ఊకే కదా" అన్నాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. "తమ్ముడూ, అందులో ఊక ఒక్కటే ఉందా? నీళ్లలోంచి తీసిన నికెల్ అంతా అందులోనే కదా ఉంది? గెడ్డలో వేయకూడనిది పొలంలో ఎలా వేస్తాం?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అంత దూరం ఆలోచించలేదక్కా" అన్నాడు. రెండు వారాలకు ఒక ఇటుక బట్టీ ఆయన వచ్చాడు, వాడిన ఊక మంటకు ఇమ్మని. సంచికి డబ్బులు కూడా ఇస్తానన్నాడు. కాల్చినా లోహం కాలిపోదు, కొంత పొగతో పాటు దుమ్ములో, మిగతాది బూడిదలో ఉంటుంది. ఇవ్వలేదు.

మేం చేస్తున్నది ఇది. వాడిన ఊకను ఆఖరిసారి ఆమ్లంతో కడిగి, నీళ్లు కారిపోయాక, మూత ఉన్న డ్రమ్ముల్లో పెట్టి, తేదీ, బరువు రాసి, నీడలో సిమెంటు గచ్చు మీద ఉంచుతాం. సున్నం బురదతో పాటు దాన్నీ ప్రమాదకర వ్యర్థంగా రిజిస్టరులో రాసి, అనుమతి ఉన్న వాహనంలో పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతాం. మామూలుగా 90 రోజులకు మించి దగ్గర పెట్టుకోకూడదు. తడి ఊక బరువెక్కువ, పంపే ఖర్చు బరువు మీదే. అందుకని పంపేముందు పల్చగా పరిచి బాగా ఆరబెడుతున్నాం. ఊక కొన్న ఖర్చు కంటే దాన్ని పంపే ఖర్చే ఎక్కువ. ఈ డ్రమ్ములు చవక అనేవాళ్లు ఈ లెక్క కలిపి చెప్పాలి. కలిపినా మాకు రెజిన్ కంటే తక్కువే పడుతోంది.

ఐదు మార్కులకు నేను మూడున్నర ఇస్తాను. ఊకకు, బొగ్గుకు నాలుగున్నర ఇచ్చేదాన్ని. పీహెచ్ భద్రత లేకపోవడం, చెప్పాల్సినవి సంచి మీద రాయకపోవడం, వాడిన ఊక గురించి తప్పు సలహా, వీటికి తగ్గించాను. రోజుకు వెయ్యి లీటర్ల లోపు నీళ్లు, ముందు సున్నం తొట్టి, చివర ఒక పట్టి ఉంచే తొట్టి, రోజూ పరీక్ష చేసే ఒక నమ్మకమైన మనిషి ఉన్న షెడ్డు అయితే కొనుక్కోండి. ఆ మనిషి లేకపోతే కొనకండి. మందుల కంపెనీల నీళ్లు, రంగుల యూనిట్ల నీళ్లు వేరే కథ, వాటి గురించి నా అనుభవం పనికిరాదు.

పోయిన వారం కొత్త ఊక వచ్చింది. ఈసారి సంచి మీద తెలుగులో కాగితం అంటించి ఉంది. వాడేముందు తేటగా వచ్చేదాకా కడగాలి, క్రోమ్ నీళ్లకు వాడకూడదు, వాడిన ఊకను పొలంలో వేయకూడదు, కాల్చకూడదు అని. నేను చెప్పిన మాటలే, అక్షరాలు పెద్దవి చేసి రాశాడు. కొత్త ఊక వేసి ఇవాళ్టికి తొమ్మిది రోజులు, క్యాలెండర్లో తొమ్మిది సున్నాలు ఉన్నాయి.